‘పైన చూడుడు’ — ఏ పైన?

గణితపాఠము జరుగుచున్నది. ఉపాధ్యాయుడు పుస్తకములోని ఒక వాక్యమును చదివెను: “పై సమీకరణమునుబట్టి ఈ ఫలితము వచ్చును.” వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, “ఏ పై సమీకరణమండీ? ఈ పుటలోనే నాలుగున్నవి” అని అడిగెను. తరగతి గొల్లున నవ్వినది. ఉపాధ్యాయుడు మాత్రము నవ్వలేదు. పుస్తకమును మరల చూచి, “రెండవది” అని చెప్పి, తన ప్రతిలో ఆ సమీకరణము ప్రక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకొనెను.

ఆ విద్యార్థికి సందేహము తీరినది. ఏలయన, అడుగుటకు ఎదుట ఒక మనిషి ఉన్నాడు. అదే విద్యార్థి రాత్రి ఇంటివద్ద ఒంటరిగా కూర్చుండి కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్నాడనుకొందము. అతని ఎదుట ఉన్నది ఆ సాఫ్ట్‌వేరుతో వచ్చిన వివరణగ్రంథము మాత్రమే. అందులో “ఇదివరకు చెప్పినట్లు చేయవలెను” అని ఉన్నది. ఎక్కడ చెప్పినట్లు? నాలుగు పుటలు వెనుకకు త్రిప్పును, రెండు పుటలు ముందుకు త్రిప్పును, దొరకదు. చాలమంది ఈ చోటనే “నాకు తెలివి చాలదు” అనుకొని పుస్తకమును మూసివేయుదురు. తప్పు వారి తెలివిది కాదు, ఆ సూచనది. ఇట్టి సూచనలు ఎట్లు చెడిపోవునో, వానిని ఎట్లు బాగుచేయవచ్చునో ఈ వ్యాసమున తెలిసికొందము.

సూచన అనగానేమి?

ఒక గ్రంథములో ఒకచోటినుండి మరియొక చోటికి పాఠకుని పంపు మాటను క్రాస్ రిఫరెన్సు అందురు. ఈ వ్యాసములో దానిని ‘సూచన’ అని పిలుతము. “3వ పటము చూడుడు”, “వివరములకు 5వ అధ్యాయము చదువుడు” అనునవి సూచనలే. ఇది కంప్యూటరుతో పుట్టిన పద్ధతి కాదు. 1728 లో ఇంగ్లండులో ఎఫ్రయిం చేంబర్స్ అను నాతడు ‘సైక్లోపీడియా’ అను పెద్ద విజ్ఞానకోశమును ప్రకటించినప్పుడు, అకారాది క్రమములో చెల్లాచెదరైన విషయములను ఒకదానితో నొకటి ముడివేయుటకు సూచనలను విరివిగా వాడినాడు.

మంచి సూచన పాఠకుని మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. మొదటిది: ఎక్కడికి పోవలెను? రెండవది: అక్కడ నాకు ఏమి దొరకును? మూడవది: ఇప్పుడే పోవలెనా, పోకున్నను పని జరుగునా? ఊరికి కొత్తగా వచ్చిన బాటసారిని తలచుకొనుడు. “అటు పొండి” అన్న చాలదు. “చెరువుగట్టు దాటిన తరువాత కుడిచేతి బాటన పొండి, అక్కడ మంచినీళ్ల బావి ఉన్నది, ఆపైన మరి రెండు కోసులు నీళ్లు దొరకవు” అని చెప్పినచో అతడు తానే నిర్ణయించుకొనగలడు. ఈ మూడింటిలో ఏది లోపించినను సూచన అస్పష్టమగును.

సాధారణ పుస్తకమును మనము మొదటినుండి చివరివరకు చదువుదుము. సాఫ్ట్‌వేరు వివరణగ్రంథమును అట్లు ఎవరును చదువరు. పని మధ్యలో ఆగిపోయినవాడు తనకు కావలసిన పుటను నేరుగా తెరచి, అవసరమైన నాలుగు వాక్యములు చదివి, మరల పనిలోనికి పోవును. అతడు ‘ఇదివరకు’ చెప్పినది చదివియుండడు. అందుచేత ఇట్టి గ్రంథములలో సూచనల బాధ్యత మిక్కిలి ఎక్కువ.

ఒకే పేరు, రెండు వస్తువులు

అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను వారు ‘యూనిక్స్’ అను కంప్యూటరు నిర్వాహక వ్యవస్థను నిర్మించిరి. దానికి వారు వ్రాసిన మాన్యువలు మొదటి కూర్పుపై 1971 నవంబరు 3వ తేది ఉన్నది. అందులో విషయములను ఏడు విభాగములుగా పంచిరి: ఆజ్ఞలు ఒక విభాగము, ప్రోగ్రాములలో వాడుకొను ఉపక్రమములు ఒకటి, ఫైళ్ల రూపములు ఇంకొకటి, ఈ విధముగా. నేడు లక్షలాది కంప్యూటర్లలో నడచుచున్న లినక్స్ వ్యవస్థకూడ కొద్ది మార్పులతో ఈ విభజననే అనుసరించుచున్నది. ‘మాన్’ అను ఆజ్ఞ నిచ్చి, దాని ప్రక్కన ఒక పేరు వ్రాసినచో ఆ పేరుగల పుట తెరమీద కనబడును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఒకే పేరు రెండు విభాగములలో ఉండవచ్చును. ‘ప్రింట్‌ఎఫ్’ అనునది 1వ విభాగములో ఒక ఆజ్ఞ. తెరమీద మాటలను అచ్చువేయుటకు మనము నేరుగా టైపుచేయునది. అదే పేరుతో 3వ విభాగములో సీ భాషలో ప్రోగ్రాము వ్రాయువారు వాడు ఉపక్రమము ఉన్నది. రెండింటి పని ఇంచుమించు ఒకటే. నియమములు మాత్రము వేరు. కావున “ప్రింట్‌ఎఫ్ చూడుడు” అన్న సూచన సగము సూచనయే. అందుచేతనే యూనిక్స్ గ్రంథములలో పేరు ప్రక్కన కుండలీకరణములలో విభాగసంఖ్యను వ్రాయు ఆచారమున్నది: ప్రింట్‌ఎఫ్ (1), ప్రింట్‌ఎఫ్ (3). ఒకే ఊరిలో ఇద్దరు రామయ్యలున్నప్పుడు ఇంటిపేరు చేర్చి పిలుచుటవంటిదే ఇది.

కాని ఆ సంఖ్య భావము తెలియనివాని కది అలంకారముగనే కనబడును. “మాన్ ప్రింట్‌ఎఫ్” అని టైపుచేసినచో సాధారణముగా 1వ విభాగములోని పుటయే తెరచుకొనును. సీ భాష నేర్చుకొనుచున్న విద్యార్థి దానిని చదివి, అది తనకు కావలసినది కాదని గ్రహింపక, గంటసేపు తికమకపడుట అరుదు కాదు. మూడవ విభాగముది కావలెనన్న “మాన్ 3 ప్రింట్‌ఎఫ్” అనవలెను. అంకెను ముందు వ్రాయవలెనన్న ఈ చిన్న సంగతిని ఎవరైన ఒకసారి చెప్పవలెను గదా!

మొదటి సోమవారము కథ

అస్పష్టమైన సూచన కాలమును మాత్రమే వృథాచేయునని తలచరాదు. ఒక ఊహాత్మకమైన ఉదాహరణము తీసికొందము. ఇందులోని కంప్యూటరు నియమములు మాత్రము యథార్థములు.

ఒక ఉన్నతపాఠశాలలోని కంప్యూటరు గదిలో విద్యార్థులు తమ అభ్యాసములను దాచుకొను ఉమ్మడి ఫోల్డరు ఒకటి ఉన్నది. అది నిండిపోకుండ నెలకొకసారి, మొదటి సోమవారమునాడు రాత్రి 2 గంటలకు, ఖాళీ చేయవలెనని ఉపాధ్యాయుడు తలచెను. ముందు వారమే విద్యార్థులందరు తమ పనిని వేరుచోట దాచుకొనవలెనని చెప్పినాడు. లినక్స్‌లో ఇట్టి పనులను వేళకు నడపునది ‘క్రాన్’ అను ప్రోగ్రాము. ఏ పని ఎప్పుడు జరుగవలెనో చెప్పు పట్టిక ‘క్రాన్‌ట్యాబ్’. ఆ పట్టికలో ఒక్కొక్క పనికి ముందు ఐదు గడులుండును: నిమిషము, గంట, తేది, నెల, వారము. ఉపాధ్యాయుడు ఇట్లు వ్రాసెను:

0 2 1-7 * 1

అనగా, 2 గంటల 0 నిమిషములకు, 1 నుండి 7 వరకు గల తేదీలలో, ఏ నెలయైనను, సోమవారము. నెలలో మొదటి ఏడు తేదీలలో సోమవారము ఒక్కటే వచ్చును; కావున ఇది మొదటి సోమవారమే అని అతని తర్కము. తర్కములో దోషము లేదు. కాని క్రాన్ నియమము వేరు. తేది గడి, వారము గడి రెండును నింపబడినచో, ఆ రెండింటిలో ఏ ఒక్కటి సరిపోయినను పని జరుగును. రెండును కలిసి సరిపోనక్కరలేదు. అందుచేత 1 నుండి 7 వరకు ప్రతి రాత్రియు, ఆ తరువాత వచ్చు ప్రతి సోమవారమును ఫోల్డరు ఖాళీ అగును. లెక్కవేసి చూడుడు: ఏడు తేదీలు, వానికి వెలుపల మిగిలిన సోమవారములు మూడు గాని నాలుగు గాని. నెలకు ఒక్కసారి జరుగవలసిన పని 10 లేక 11 సార్లు జరుగును. మంగళవారము పగలు పిల్లలు చేసిన పని బుధవారము ఉదయమునకు ఉండదు.

ఈ నియమము మాన్యువలులో వ్రాసియే యున్నది. కాని ‘క్రాన్‌ట్యాబ్’ అను పేరుగల పుటలు రెండు. 1వ విభాగములోనిది పట్టికను నమోదుచేయు ఆజ్ఞను వివరించును. 5వ విభాగములోనిది పట్టికలోని గడుల నియమములను వివరించును. అంకె లేకుండ అడిగినవానికి మొదటిదే కనబడును. దాని చివర ‘ఇవికూడ చూడుడు’ అను శీర్షిక క్రింద క్రాన్‌ట్యాబ్ (5) అని ఉండును. పాఠకునికి అది తాను ఇప్పుడే చదివిన పేరువలెనే కనబడును. మరల అదే చదువుట ఎందులకని వదలివేయును. సూచన ఎక్కడికి పోవలెనో చెప్పినది. అక్కడ ఏమున్నదో, పోకున్నచో ఏమగునో చెప్పలేదు.

మరి మొదటి సోమవారమునకే పని జరుగవలెనన్న ఉపాయమేమి? తేది గడిలో 1-7 ఉంచి, వారము గడిని నక్షత్రపు గుర్తుతో విడిచిపెట్టవలెను. నేడు సోమవారమా, కాదా అను పరీక్షను నడపబోవు పనిలోనే మొదట చేర్చవలెను.

అంకె ఎందుకు మారిపోవును?

ఇప్పుడు వ్రాయువాని వైపునుండి చూతము. సూచనలు చెడిపోవుటకు ముఖ్యకారణము ఒకటి కలదు: గ్రంథము పెరుగును.

ఒక మాన్యువలులో “4.2 విభాగము చూడుడు” అని పన్నెండు చోట్ల చేతితో వ్రాసినారనుకొందము. మరుసటి సంవత్సరము సాఫ్ట్‌వేరుకు ఒక కొత్త సౌకర్యము చేరినది. దానికొక కొత్త అధ్యాయము 3వదిగా పెట్టిరి. వెంటనే పాత 4.2 కాస్త 5.2 అగును. పన్నెండు సూచనలును పాత సంఖ్యతోనే మిగిలిపోవును. అవి చూపుచున్న 4.2 ఇప్పుడును ఉన్నది. కాని అందులో వేరొక విషయమున్నది.

ఈ కష్టమునకు చికిత్స ‘స్థానమునకు గాక వస్తువునకు పేరు పెట్టుట’. డొనాల్డ్ కనూత్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు గ్రంథముల అచ్చుకూర్పునకు ‘టెక్’ అను ప్రోగ్రామును నిర్మించెను. దానిపై ఆధారపడి లెస్లీ లాంపోర్ట్ 1980 దశాబ్దములో ‘లాటెక్’ అను దానిని తయారుచేసెను. గణిత, భౌతికశాస్త్ర గ్రంథములలో ఎన్నో నేటికిని దీనితోనే కూర్చబడుచున్నవి. ఇందులో రచయిత ఒక విభాగమునకో, పటమునకో, సమీకరణమునకో తనకు నచ్చిన గుర్తు నిచ్చును. ఉదాహరణకు ‘గడుల-నియమములు’ అని. సూచన కావలసినచోట సంఖ్య వ్రాయక ఆ గుర్తునే వ్రాయును. ఆ గుర్తుగల విభాగము ప్రస్తుతము ఎన్నవదో లెక్కించి సంఖ్యను అచ్చువేయు పని యంత్రముది. కొత్త అధ్యాయము ఎక్కడ చేర్చినను పన్నెండు సూచనలును తమంత తామే సరిపడును.

ఇందులో ఒక విచిత్రమున్నది. యంత్రము గ్రంథమును మొదటినుండి వరుసగా కూర్చుకొనిపోవును. 10వ పుటలోనే 80వ పుటనుగూర్చిన సూచన వచ్చినచో, 80వ పుట ఇంకను కూర్చబడలేదు. దాని సంఖ్య యంత్రమునకు తెలియదు. అప్పుడది సంఖ్యకు బదులు రెండు ప్రశ్నార్థకపు గుర్తులను అచ్చువేసి ముందుకు పోవును. పోవుచు, ఏ గుర్తు ఏ పుటలో, ఏ సంఖ్యతో వచ్చినదో ఒక ప్రత్యేకమైన ఫైలులో వ్రాసికొనును. గ్రంథమును రెండవమారు కూర్చునప్పుడు ఆ ఫైలును ముందుగా చదువుకొని, ప్రశ్నార్థకముల స్థానమున సంఖ్యలను నింపును. అందుచేతనే లాటెక్ వాడువారు ఒకే గ్రంథమును రెండుమూడుమార్లు నడపుట ఆనవాయితీ.

ఎన్నిమార్లు నడపినను కుదుటపడని సందర్భములును అరుదుగా కలవు. ఒక సూచన 36వ పుట చివరి పంక్తిలో ఉన్నది. అది చూపు పటము 37వ పుటలో ఉన్నది. వేరు పుటలో ఉన్నది కనుక యంత్రము “తరువాతి పుటలో” అను మాటలు చేర్చినది. పంక్తి పొడవై 37వ పుటలోనికి జారినది. ఇప్పుడు సూచన, పటము ఒకే పుటలో నున్నవి గనుక ఆ మాటలతో పనిలేదు, తీసివేసినది. పంక్తి కుదించుకొని మరల 36వ పుటకు పోయినది. ఈ ఊగులాటకు అంతములేదు. అప్పుడు రచయిత పూనుకొని ఆ వాక్యమును మార్చి వ్రాయుటయే దారి.

చచ్చిన సూచన, దారి తప్పిన సూచన

1989 లో టిం బెర్నర్స్-లీ స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాకేంద్రమున ప్రతిపాదించిన వెబ్ పద్ధతితో సూచనలకు కొత్త బలము వచ్చినది. పుట త్రిప్పనక్కరలేదు, లింకును తాకిన చాలును. కాని ఆ లింకు ఏకపక్షమైనది. ఒక పుటను ఎవరెవరు చూపుచున్నారో ఆ పుట యజమానికి తెలియదు. అతడు దానిని తీసివేసినను, వేరుచోటికి మార్చినను పాత లింకులు అట్లే నిలిచియుండును. అప్పుడు మనకు కనబడునది ‘404’ అను సంఖ్య. అడిగిన పుట దొరకలేదని దాని అర్థము. చిరునామాలో మారిపోవు వివరములను చేర్చరాదనియు, మంచి చిరునామాలు మారవనియు బెర్నర్స్-లీ 1998 లో ఒక వ్యాసమున బోధించెను.

చచ్చిన సూచన బాధాకరమే గాని మోసకరము కాదు. దారి మూసియున్నదని పాఠకునికి వెంటనే తెలియును. యంత్రమునకును తెలియును. లేని గుర్తును చూపు సూచన యున్నచో లాటెక్ హెచ్చరించును. 2008 లో వెలువడిన ‘స్ఫింక్స్’ అను గ్రంథనిర్మాణ సాధనము కూడ అట్లే చేయును; పైథాన్ భాషయొక్క అధికారిక గ్రంథము దీనితోనే తయారగుచున్నది. లింకులన్నిటిని ఒక్కొక్కటిగా తట్టి చూచు పరీక్షా ప్రోగ్రాములును కలవు.

దారి తప్పిన సూచన వేరు. అది ఉన్న చోటికే పంపును. కాని కావలసిన చోటికి కాదు. యంత్రము దృష్టిలో అందు లోపములేదు. సీ విద్యార్థిని 1వ విభాగపు ప్రింట్‌ఎఫ్ పుటకు పంపు లింకు చక్కగా పనిచేయును! లేని సూచనను యంత్రము పట్టుకొనగలదు. తప్పు సూచనను అర్థము తెలిసిన మనిషియే పట్టుకొనవలెను. సూచనలను బాగుచేయు పనిలో ఈ భేదము అన్నిటికంటె ముఖ్యమైనది. “పరీక్షలో ఒక్క దోషమును కనబడలేదు” అని యంత్రము చెప్పినంతనే గ్రంథము స్పష్టమైనదని నమ్మరాదు.

బాగుచేయు విధానము

అనుభవమున తేలిన నియమములను క్రోడీకరించి చెప్పుదము.

మొదటిది: దిక్కు చెప్పక పేరు చెప్పవలెను. ‘పైన’, ‘క్రింద’, ‘కుడివైపున’ అను మాటలు అచ్చుపుటలోనే అనుమానాస్పదములు. సెల్‌ఫోను చిన్నతెరలో కుడివైపున ఉండవలసిన పెట్టె అడుగునకు చేరును. చూపులేనివారు పుటను యంత్రముచేత చదివించుకొని విందురు. వారికి కుడియెడమలతో పనిలేదు. 2008 డిసెంబరులో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శక సూత్రములు ఈ సంగతినే నొక్కి చెప్పినవి: సూచనలు స్థానముమీద మాత్రమే ఆధారపడరాదు, లింకు ఎక్కడికి పోవునో దాని మాటలవలనగాని, చుట్టునున్న వాక్యమువలనగాని తెలియవలెను. ‘ఇక్కడ నొక్కుడు’ అను లింకులు పది ఉన్న పుటను చెవితో విని చూచినచో ఈ నియమము విలువ తెలియును.

రెండవది: ఏల చూడవలెనో చెప్పవలెను. తప్పక చదువవలసినదా, ఆసక్తి యున్నవారికి మాత్రమా అనునది కూడ వాక్యములోనే తేలవలెను. హాని కలిగించు విషయమునుగూర్చిన సూచన పుట చివర పట్టికలో గాక, చేయబోవు పనికి ముందే రావలెను.

మూడవది: రెండు ముక్కలలో తేలు విషయమునకు పాఠకుని పంపరాదు. అక్కడనే చెప్పివేయవలెను. సంపూర్ణ వివరణకే సూచన.

నాలుగవది: గొలుసులు, చక్రములు లేకుండ చూడవలెను. మొదటి పుట “రెండవది చూడుడు” అని, రెండవది “మూడవది చూడుడు” అని పంపుట గొలుసు. మూడవది మరల మొదటిదానినే చూపినచో చక్రము. ఏదో ఒకచోట విషయము పూర్తిగా చెప్పబడవలెను. తక్కినవన్నియు నేరుగా అచ్చటికే చూపవలెను.

ఐదవది: గుర్తులకు అర్థమునుబట్టి పేర్లు పెట్టవలెను. ‘విభాగము-4-2’ అని గుర్తు పెట్టినచో, ఆ విభాగము 5.2 అయిన నాడు గుర్తే అబద్ధమాడును. ‘గడుల-నియమములు’ అను గుర్తు ఎక్కడికి జరిగినను నిజమే చెప్పును.

ఆరవది: మరియొక గ్రంథమును చూపునప్పుడు అది ఏ కూర్పో చెప్పవలెను. సాఫ్ట్‌వేరు కూర్పులు మారుచుండును. నిరుటి నియమము నేడు ఉండకపోవచ్చును.

ఈ నియమములను మన సోమవారపు కథకు అన్వయింతము. బాగుచేయక పూర్వము వాక్యము ఇట్లున్నదనుకొనుడు: “సమయము వ్రాయు పద్ధతికి క్రాన్‌ట్యాబ్ చూడుడు.” బాగుచేసిన పిదప: “తేది, వారము రెండును వ్రాసినచో, ఏ ఒక్కటి సరిపోయినను పని నడచును. పట్టికను నమోదుచేయుటకు ముందు 5వ విభాగములోని క్రాన్‌ట్యాబ్ పుటలో గడుల నియమములను తప్పక చదువుడు. దానిని తెరచుటకు ‘మాన్ 5 క్రాన్‌ట్యాబ్’ అని టైపుచేయుడు.” వాక్యము పొడుగైనది. కాని ఒక తరగతి పిల్లల నెలరోజుల పని దక్కినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

దీనిని పరీక్షించుటకు కంప్యూటరు అవసరము లేదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకమో, ప్రయోగశాల రికార్డుపుస్తకమో ఒకటి తీసికొనుడు. అందులోని పది సూచనలను ఏరి వ్రాసికొనుడు. ఆ పాఠము చదువని ఒక మిత్రునికి వానిని ఒక్కొక్కటిగా ఇచ్చి, అది చూపుచున్న చోటును వెదకమనుడు. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషము చాలును. ఫలితములను మూడు వరుసలలో గుర్తించుడు: సరియైన చోటు చేరినవి, దొరకక విడిచినవి, తప్పుచోటు చేరి సరియే అనుకొన్నవి.

మొదటి వరుసనుగూర్చి చింతలేదు. రెండవ వరుసలోనివి చచ్చిన సూచనలవంటివి. వానిని కనిపెట్టుట సులభము. మూడవ వరుసయే విలువైనది. అందులోని ప్రతి సూచనను తీసికొని, పైన చెప్పిన ఆరు నియమములలో ఏది తప్పినదో తరగతిలో చర్చించి, దానిని తిరిగి వ్రాయుడు. తిరిగి వ్రాసినదానిని ఇంకొక మిత్రునిమీద పరీక్షించుడు. వ్రాసినవాడు తన వ్రాతను తానే పరీక్షించుకొనరాదు. అతనికి దారి ముందే తెలియును గనుక ఏ సూచనయైనను స్పష్టముగనే తోచును. (‘పైన చెప్పిన ఆరు నియమములు’ అని మేమును వ్రాసితిమి, గమనించితిరా? ‘బాగుచేయు విధానము అను శీర్షిక క్రింది ఆరు నియమములు’ అని ఉండవలసినది.)

మొదట చెప్పిన గణితోపాధ్యాయుడు పెన్సిలుతో పెట్టిన గుర్తు ఆయన ప్రతిలోనే ఉండిపోయినది. మరి వేయి ప్రతులలో ఆ వాక్యము అట్లే ఉన్నది. వేయి తరగతులలో ఎవరో ఒకరు అడుగవలెను, లేదా అడుగక ఊరకుండవలెను. సాఫ్ట్‌వేరు గ్రంథములకు ఈ విషయమున ఒక సౌకర్యమున్నది. లినక్స్ మాన్యువలు పుటలు, పైథాన్ గ్రంథము మొదలగువానికి ఎవరైనను దిద్దుబాట్లు పంపవచ్చును. నిర్వాహకులు పరిశీలించి, సరియైనవానిని చేర్చుకొందురు. దీనికి గొప్ప ప్రోగ్రాములు వ్రాయు నేర్పు అక్కరలేదు. ఈ సూచన తనను ఎక్కడికి పంపినదో, ఎక్కడికి పంపవలసియుండెనో స్పష్టముగా చెప్పగలిగిన చాలును. తికమకపడినవానికే అది అందరికంటె బాగుగా తెలియును. కావున విద్యార్థులారా, ఈసారి ఒక వివరణగ్రంథము మిమ్ము దారి తప్పించినప్పుడు, దానిని మూసివేయుటకు ముందు ఆ వాక్యమును ఒక కాగితముమీద వ్రాసికొనుడు.